పాత తమంచా, దాని తోలు ఒర: విలువ కట్టేది ఎట్లా?

గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం సర్కారుకు పేష్కష్ చెల్లిస్తూ తమ సొంత సిపాయిలను పోషించినవి. నాగర్‌కర్నూలు అయితే మహబూబ్‌నగర్ కన్న ముందే జిల్లా కేంద్రముగా వుండినది. కనుక ఈ మూడు చోట్ల ఏ ఖాందాన్‌లోనైనా పాత సందూకులో తాతల నాటి తమంచా, దాని తోలు ఒర బయటపడితే ఆశ్చర్యపోనక్కర లేదు. "రాజావారు ఇచ్చినది" అని ఇంట్లో పెద్దలు అంటారు. కొననొచ్చినవాడు తూకం చూసి ఇనుము ధర చెప్తాడు. నా లెక్కలో ఈ రెండు మాటలూ చాలవు. వస్తువు తానే ఏం చెప్తున్నదో ముందు చదవాలె.

గుండు కూరి వున్నదో లేదో తెలిసినవాని చేత చూపించిన తర్వాతనే చేత పట్టవలెను. నూరేండ్ల మందు కూడా పేలవచ్చు. తర్వాత గుర్తులు. ఈస్టిండియా కంపెనీ వారి పాత తమంచాల మీద కిరీటం పట్టుకొన్న సింహం వుంటుంది. బ్రిటిష్ సర్కారు సొత్తుకు బాణం గుర్తు. బాణం లేనంత మాత్రాన నకిలీ అనరాదు, ఇంగ్లీషు ఆఫీసర్లు తమ పైసలతో కొనుక్కొన్నవీ వున్నవి. అక్షరాలు తలకిందులుగా, తప్పుగా వుంటే మాత్రం సరిహద్దు పఠాన్ల కార్ఖానాలలో చేసిన నకలు అని అనుమానించవలెను.

మనవాళ్ళు తరచు తడబడేది సంవత్సరం దగ్గర. వెబ్లీ మార్క్ 6 రివాల్వరు పిడి మీద 1325 అని చెక్కి వున్నదనుకోండి. హిజ్రీ లెక్కన అది 1907. ఆ రకం సైన్యానికి వచ్చిందేమో 1915లో! తుపాకి పుట్టకముందే ఇనాం ఇచ్చినట్లాయె. హైద్రాబాదు సర్కారీ దఫ్తర్లలో నడిచినది ఫస్లీ. దానికి 590 కలిపితే 1915-16 వస్తుంది, లెక్క కుదురుతుంది. అందుకే అంకె చూడగానే అసలనీ నకిలీ అనీ తీర్పు చెప్పరాదు.

ఒరను చాలామంది పారేస్తారు. అది పెద్ద నష్టం. మూత లోపలి వైపు చేసినవారి ముద్ర, సంవత్సరము దొరకవచ్చు. ఏండ్ల తరబడి లోపల వున్న తుపాకి ఆకారం తోలు మీద అచ్చు పడుతుంది. అచ్చు సరిపోకపోతే జత తర్వాత కలిపినదే. గుర్రపు రౌతుల తమంచాలకు ఒరలు నడుముకు కాక జీను ముందర జతగా వుండేవి. పరుగులో జారిపోకుండ మందు కూరే కడ్డీని గొట్టానికే కీలు వేసి బిగించేవారు.

రౌతులంటే వనపర్తి సిద్దీలు జ్ఞాపకం వస్తారు. రాజా రామేశ్వరరావుగారు ఆఫ్రికా మూలాల సిపాయిలతో దళం పెట్టినారు. 1866లో వారు పోయిన తర్వాత ఆ సిపాయిలు నిజాం కొలువులోకి వెళ్ళి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయినారు. హైద్రాబాదులో ఎ.సి. గార్డ్స్ మహల్లా పేరు వారిదే. అంతమాత్రాన వనపర్తిలో దొరికిన ప్రతి తమంచా సిద్దీ సిపాయిది కాదు. పేరున్న సనదో, జీతం చిట్టీయో తోడు వుంటేనే ఆ మాట అనవచ్చు. అట్లాంటి కాగితం తుపాకి కన్న ఎక్కువ విలువైనది, అదే ముందు చెదలకు పోతున్నది.

ఇత్తడి భాగాలను చింతపండుతో, ఇనుమును ఇటుక పొడితో తోమవద్దు. గుర్తులు అరిగిపోతవి. ఎర్రగా పొడి రాలే తోలుకు నూనె పూయవద్దు. 1959 ఆయుధ చట్టం పాతబడిన ఆయుధాలకు మినహాయింపు ఇచ్చినది గాని, మరమ్మతు చేసినా పేలనివాటికి మాత్రమే. పేలుతుందా లేదా అన్నది మనమే తేల్చుకోరాదు, పోలీసువారికి తెలియజేసి వ్రాతపూర్వకంగా తీసుకోవలెను.

హైద్రాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖ కార్యాలయంలో నిజాం కాలపు ఫార్సీ, ఉర్దూ దఫ్తర్లు వున్నవి. ఇంటి సనదును వాటితో పోల్చి చూడవచ్చు. చదివి పెట్టేవారు లేరని ఆగిపోవద్దు, మా బళ్ళలో ఉర్దూ మాస్టర్లము ఇంకా వున్నాము.