రెండు టన్నుల చీటీలు

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో ‘బాండికూట్’ అనే మాట దగ్గర వ్యుత్పత్తి చూస్తే మన పందికొక్కు దర్శనమిస్తుంది. పొలంగట్ల కన్నాల్లో ఉండవలసిన జీవి అంతదూరం ఎలా ప్రయాణించిందా అని నవ్వు వస్తుంది. అయితే ఒక మాట ఆ నిఘంటువులోకి ఎక్కాలంటే, ఎవరో ఒకరు దానిని ఏదో పుస్తకంలో చూసి, అది ఉన్న వాక్యాన్ని ఒక చీటీ మీదికి ఎత్తిరాసి, సంవత్సరమూ గ్రంథనామమూ పుటసంఖ్యా వేసి, టపాలో పంపి ఉండాలి. అలాంటి చీటీలు యాభై లక్షల దాకా చేరాయంటారు. వాటిలో చాలా భాగం పంపినవారికి ఎవరూ ఒక్క పెన్నీ ఇవ్వలేదు. ఈ వ్యాసం వారిని గురించే. మరీ ముఖ్యంగా, ఒక పండిత సంఘం వారిని ఎలా చేజార్చుకున్నదీ, మళ్ళీ ఎలా నిలబెట్టుకున్నదీ అన్న సంగతి.

ఆ సంఘం పేరు ఫిలలాజికల్ సొసైటీ. భాషాచరిత్ర మీద ఆసక్తి ఉన్న విద్వాంసులు 1842లో లండన్‌లో స్థాపించుకున్నది. సభ్యులు సమావేశమవుతారు, పత్రాలు చదువుతారు, వాదించుకుంటారు, ఇళ్ళకు వెళ్ళిపోతారు. 1857లో ఆ సభ్యులలో ముగ్గురు, వెస్ట్‌మినిస్టర్ డీన్ రిచర్డ్ ట్రెంచ్, న్యాయవాదులైన హెర్బర్ట్ కోల్‌రిడ్జ్, ఫ్రెడరిక్ ఫర్నివాల్, అప్పటి నిఘంటువులకు ఎక్కని మాటలు సేకరించడానికి ఒక ఉపసంఘంగా ఏర్పడ్డారు. ఆ నవంబరులో ట్రెంచ్ రెండు ప్రసంగాలు చేసి, ఉన్న నిఘంటువులకు అతుకులు వేయడం కాదు, కొత్తదే కట్టాలని తేల్చాడు. నిఘంటుకారుడు చరిత్రకారుడే తప్ప తీర్పరి కాడనీ, మాట పుట్టుక మొదలు చావు దాకా ప్రతి దశకూ సాక్ష్యం చూపాలనీ ఆయన వాదం. ఇంత సాక్ష్యం పోగు చేయడం ఒక్కరివల్ల కాదు, అనేకుల చేతులు కావాలి. 1858 జనవరిలో సంఘం తీర్మానం చేసింది. చందాల మీద నడిచే సంఘానికి జీతాలిచ్చే స్తోమత ఎక్కడిది? సభ్యులకు తోడు సభ్యులు కానివారినీ స్వచ్ఛందంగా పుస్తకాలు చదివి పెట్టమని అడిగారు.

మొదటి సంపాదకుడు కోల్‌రిడ్జ్, మహాకవి కోల్‌రిడ్జ్‌కు మనుమడు. చీటీలు సర్దుకోవడానికి యాభైనాలుగు గూళ్ళున్న ఒక చెక్క బీరువా చేయించుకున్నాడు. ఇంగ్లీషు భాష మొత్తానికి యాభైనాలుగు గూళ్ళు! పని ఎంతటిదో అప్పటికి ఎవరికీ తెలియదనడానికి ఇంతకంటె రుజువు అక్కర లేదు. 1861లో ముప్ఫై ఏళ్ళ వయసులో ఆయన క్షయతో కన్నుమూశాడు. బాధ్యత ఫర్నివాల్ మీద పడింది.

ఫర్నివాల్‌ను తేలిగ్గా తీసిపారేయడం చాలామందికి అలవాటు. నాకు అది న్యాయంగా తోచదు. పాత ఇంగ్లీషు గ్రంథాలు అచ్చులో దొరక్కపోతే పాఠకులు దేనిలోంచి ఎత్తిరాస్తారని ఆలోచించి, 1864లో వాటి ముద్రణకే వేరొక సంఘం పెట్టినవాడు ఆయన. స్వచ్ఛందంగా పనిచేసేవారికి ముందు పనిముట్టు ఇవ్వాలన్న తెలివి ఆయనకు ఉంది. మనుషులను పోగుచేయగల ఉత్సాహమూ ఉంది. లేనిది ఒక్కటే, పోగైనవారిని పట్టించుకునే ఓపిక. అక్షరాలను విడగొట్టి ఒక్కొక్కటి ఒక్కొక్క ఉపసంపాదకుడికి అప్పగించాడు. వారూ జీతం లేనివారే. ఆ తరువాత ఆయన దృష్టి మరో సంఘం మీదికి, మరో తగాదా మీదికి మళ్ళింది. పంపిన చీటీ చేరిందో లేదో పాఠకుడికి తెలియదు. తన అక్షరం ఎప్పుడు అచ్చుకు వెళుతుందో ఉపసంపాదకుడికి తెలియదు. ఏళ్ళు గడిచాయి. కొందరు విసిగారు, కొందరు ఇళ్ళు మారారు, కొందరు చనిపోయారు.

1879 మార్చిలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం సంఘంతో ఒడంబడిక చేసుకుంది. పదేళ్ళు, సుమారు ఏడువేల పుటలు అని అంచనా. సంపాదకుడు జేమ్స్ మర్రే. స్కాట్లండ్‌లో ఒక దర్జీ కొడుకు, పద్నాలుగేళ్ళకే బడి మానినవాడు, లండన్ పొలిమేరలోని మిల్ హిల్ బడిలో ఉపాధ్యాయుడు. ఫర్నివాల్ తన దగ్గరున్న సరంజామా అంతా ఆయన ఇంటికి పంపాడు. రెండు టన్నుల దాకా బరువున్న చీటీలు. గోతాలు విప్పితే ఒకదానిలో చచ్చిన ఎలుక, మరొకదానిలో పిల్లలతో కాపురం పెట్టిన చుండెలుక. (మన పందికొక్కు అంతకుముందే అక్కడికి బంధువులను పంపినట్టుంది.) ‘ఐ’ అక్షరం చీటీలు హారోలో ఖాళీ చేసి వెళ్ళిన ఒక మతాచార్యుడి ఇంట్లో, అడుగు ఊడిన బుట్టలో దొరికాయి. ‘హెచ్’ మొత్తం ఇటలీలోని ఫ్లారెన్స్‌లో తేలింది. ‘పి’లో ‘పిఏ’తో మొదలయ్యే మాటల చీటీలు ఐర్లండ్‌లో ఒక గుర్రపుశాలలో ఉన్నాయని తెలిసి తెప్పించబోతే, చాలావరకు పొయ్యి రాజేయడానికి వాడేశారని తేలింది.

ఈ కథను సాధారణంగా హాస్యానికి చెబుతారు. నాకు మాత్రం ఆ పొయ్యి దగ్గర నవ్వు ఆగిపోతుంది. ఒక్కొక్క చీటీ వెనుక ఎవరిదో ఒక సాయంకాలం ఉంది. దీపం వెలుగులో పాత పుస్తకం ముందేసుకుని, ఒక్కొక్క మాటకూ ఆగి, కలం ముంచి రాసిన సాయంకాలం. వారిలో ఎవరూ పని ఎగ్గొట్టలేదు. సంఘం అడిగినదే చేశారు. వారి పనిని అందుకోవడానికి అవతల మనిషి లేకపోయాడు. ఉచితంగా వచ్చేదానికి లెక్క రాయనవసరం లేదనుకోవడంలోనే ఆ ఇరవై ఏళ్ళ నష్టమంతా ఉన్నదని నా అభిప్రాయం.

మర్రే మొదట కట్టించుకున్నది గూళ్ళు. ఇంటి తోటలో ఇనుపరేకుల షెడ్డు ఒకటి వేయించి, దానికి ‘స్క్రిప్టోరియం’ అని పెద్దపేరు పెట్టి, లోపల 1,029 గూళ్ళు అమర్చాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంగ్లీషు చదవగలిగినవారందరికీ ఒక విన్నపం అచ్చువేశాడు. వెయ్యిమంది పాఠకులు కావాలన్నాడు. ‘సాయం చేయండి’ అని ఊరుకోలేదు. ఏ శతాబ్దంలో ఏ పుస్తకాలు ఇంకా చదవాల్సి ఉన్నాయో జాబితా ఇచ్చాడు. చీటీ ఎంత ఉండాలో, మాట ఏ మూల రాయాలో, తేదీ ఎక్కడ వేయాలో చెప్పాడు. ఒకే పుస్తకం నుంచి వందల చీటీలు రాసేవారికి గ్రంథనామం ప్రతిసారీ రాసే బాధ లేకుండా, పేరూ సంవత్సరమూ ముందే అచ్చువేసిన చీటీలు పంపించాడు. ఇలాంటివి చిన్న విషయాల్లా కనిపిస్తాయి. వంద చీటీలు రాసి వేలు వాచినవారికి అవి చిన్నవి కావు.

ఆయన దిద్దిన పొరపాటు మరొకటి నాకు మరీ ఇష్టమైనది. మొదటి తరం పాఠకులను అరుదైన మాటలు ఏరమని పురమాయించారు. వారు నిష్ఠగా వింత మాటలే ఏరారు. ఫలితం ఏమిటంటే ‘అబ్యూజన్’ అనే మూలపడ్డ మాటకు యాభై దాకా ఉల్లేఖనాలు, నిత్యం వాడే ‘అబ్యూజ్’కు అయిదైనా లేవు. తప్పు పాఠకులది కాదు, అడిగిన తీరుది. అందుకని మామూలు మాటలను కూడా మామూలుగా వాడినచోట ఎత్తి రాయమని మర్రే కొత్తగా చెప్పవలసి వచ్చింది. మనమూ ఇంతే కదా! ప్రబంధంలో ఒక్కసారి మెరిసిన సమాసాన్ని అపురూపంగా దాచుకుంటాం. ‘పెట్టు’ అనే క్రియ వంటింట్లో, పొలంలో, పేరంటంలో, పోట్లాటలో ఎన్ని అర్థాలు మోస్తున్నదో కూర్చుని రాసుకోం.

ఆపైన ఉత్తరాలు. మర్రే రోజుకు ఇరవై, ముప్ఫై ఉత్తరాలు స్వహస్తంతో రాసేవాడట. 1885లో ఆక్స్‌ఫర్డ్‌కు మకాం మార్చాక ఆయన ఇంటి ముందే తపాలాశాఖ ఒక ఉత్తరాల డబ్బా పాతించింది. ‘డాక్టర్ మర్రే, ఆక్స్‌ఫర్డ్’ అని రాస్తే చాలు, చేరేది. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారు, ఎన్ని చీటీలు పంపారు అన్నది చిరునామా పుస్తకాలలో రాసుకున్నాడు. ఆ నిఘంటువుకు సంపాదకురాలిగా పనిచేసిన శారా ఓగిల్వీ వాటిని ముద్రణాలయం దస్తావేజుల్లో కనుగొని, వాటి ఆధారంగా 2023లో ఒక పుస్తకం వెలువరించింది. మూడు వేలమంది దాకా లెక్క తేలారు. కొందరి పేర్ల పక్కన ‘లాభం లేదు’ అన్న అర్థం వచ్చే మాటలూ ఉన్నాయి. అందరినీ మెచ్చుకోవడం వేరు, ప్రతి ఒక్కరినీ గమనించడం వేరు. మర్రే చేసినది రెండోది. పైగా, విడుదలైన భాగాల ముందుమాటలలో పాఠకుల పేర్లు, కొందరికి చీటీల సంఖ్యతో సహా, అచ్చువేశాడు. అందరికంటె ఎక్కువ, 1,65,000 చీటీలు పంపినవాడు థామస్ ఆస్టిన్.

పాఠకులలో డాక్టర్ మైనర్ కథ జగత్ప్రసిద్ధం. అమెరికా సైనిక వైద్యుడు. మతిభ్రమలో 1872లో లండన్‌లో ఒక కార్మికుణ్ణి కాల్చి చంపి, బ్రాడ్‌మూర్ పిచ్చాసుపత్రిలో శేషజీవితంలో ఎక్కువ భాగం గడిపినవాడు. మర్రే అక్కడికి వెళ్ళేదాకా ఆయన రోగి అని తెలియదన్న కథ కల్పన. సినిమాకు పనికివచ్చేది ఆయన విషాదం. నిఘంటువుకు పనికివచ్చినది ఆయన పద్ధతి. చదివిన ప్రతి పుస్తకానికీ పదసూచిక తయారుచేసుకుని, ‘ఇప్పుడు ఏ మాట మీద పని చేస్తున్నారు?’ అని అడిగి, దానికి కావలసిన ఉల్లేఖనం పంపేవాడు. అలా అడగడానికి అవతల జవాబిచ్చేవాడు ఉండాలి. ఫర్నివాల్ కాలంలో మైనర్ ఉండి ఉంటే ఏమయ్యేవాడో నేను ఊహించలేను.

మైనర్ కంటె నన్ను పట్టిన మనిషి ఫిట్జ్‌ఎడ్వర్డ్ హాల్. ఈయనా అమెరికా వాడే. 1846లో గంగాముఖంలో ఓడ చెడిపోయి భారతదేశంలో దిగబడి, సంస్కృతం నేర్చి, కాశీ ప్రభుత్వ సంస్కృత కళాశాలలో ఆచార్యుడయ్యాడు. 1862లో లండన్ చేరాడు. ఆ దశాబ్ది చివరలో తగాదాలు వచ్చి ఫిలలాజికల్ సొసైటీ నుంచే ఆయనను తొలగించారు. సఫోక్ పల్లెలో ఒంటరిగా స్థిరపడ్డాడు. తనను గెంటివేసిన ఆ సంఘపు నిఘంటువుకే ఇరవై ఏళ్ళపాటు, రోజుకు నాలుగు గంటల చొప్పున, ప్రూఫులు దిద్దుతూ ఉల్లేఖనాలు చేరుస్తూ ఉండిపోయాడు. మర్రే, హాల్ ఎన్నడూ ముఖాముఖి కలుసుకోలేదు. 1901లో హాల్ మరణించేదాకా ఉత్తరాలే. సంఘం పోగొట్టుకున్న మనిషిని సంపాదకుడు టపా ఖర్చుతో నిలుపుకున్నాడు.

మర్రే ఇంటివారి సంగతి కూడా చెప్పాలి. ఆయన పదకొండుగురు పిల్లలూ గంటకు ఒక పెన్నీతో మొదలై చీటీలను అక్షరక్రమంలో పేర్చినవారే. రేకుల షెడ్డులో చలికి మర్రే పెద్దకోటు తొడుక్కుని, కాళ్ళు ఒక పెట్టెలో దాచుకుని పనిచేసేవాడు. తన సహాయకుల జీతాలు తనకిచ్చే సొమ్ములోంచే ఇచ్చుకోవలసి వచ్చి అప్పులపాలయ్యాడు కూడా. అన్ని జాగ్రత్తల మధ్యా జారినవి జారాయి. ‘బాండ్‌మెయిడ్’ అనే మాట చీటీలు ఎక్కడో తప్పిపోయి, ఆ సంపుటం అచ్చయ్యాక బయటపడ్డాయి. అది 1933 అనుబంధంలో గానీ ఎక్కలేదు.

మన నిఘంటువుల చరిత్రలో ఈ ప్రశ్న వేరు రూపంలో వచ్చింది. బ్రౌను దొర పండితులకు తన జీతంలోంచి జీతాలిచ్చి పని చేయించాడు. జయంతి రామయ్య పంతులు గారి ఆంధ్ర సాహిత్య పరిషత్తు చేపట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పిఠాపురం రాజావారి అండ ఉంది, దాని మొదటి సంపుటం 1936లో వచ్చింది. పోషకుడూ పండితుడూ ఉన్నారు గానీ, ఊరూరా పుస్తకం చదివి చీటీ పంపే పోస్టుమాస్టరూ, గృహిణీ ఆ ఏర్పాటులో లేరు. జనం నోటి మాట కోసం ఊళ్ళకు వెళ్ళిన మాండలిక వృత్తిపదకోశం భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో, వ్యవసాయ పదాలతో మొదలైంది. అక్కడ రైతులు మాటలు చెప్పారు, రాసుకున్నది మాత్రం శిక్షణ పొందినవారు.

మర్రే 1915 జులైలో ‘టి’ అక్షరం మీద పనిచేస్తూ పోయాడు. నిఘంటువు 1928లో పూర్తయింది. పదేళ్ళ అంచనా యాభై దగ్గరికి వచ్చింది, 4,14,825 మాటలు తేలాయి. ఆ జూన్‌లో లండన్ గోల్డ్‌స్మిత్స్ హాలులో విందు చేశారు. ప్రధానమంత్రి బాల్డ్విన్ మాట్లాడాడు. ఈడిత్ థాంప్సన్ అనే చరిత్ర రచయిత్రి, తన చెల్లెలితో కలిసి పదిహేను వేల ఉల్లేఖనాలు పంపి, దశాబ్దాలపాటు ప్రూఫులు దిద్దినది, అప్పటికి జీవించే ఉంది. మహిళలకు ఆ విందు బల్లల దగ్గర చోటు లేదు.

1957లో కొత్త అనుబంధానికి బర్చ్‌ఫీల్డ్ సంపాదకుడైనప్పుడు మళ్ళీ పాఠకులనే పిలిచారు. ఈసారి అందరికంటె ఎక్కువ చీటీలు ఒక స్త్రీవి, మార్ఘనీటా లాస్కీ అనే నవలా రచయిత్రివి. సుమారు రెండున్నర లక్షలు.