రోమకుల విందులలో ద్రాక్షాసవము: పంక్తిభేద విచారము

ఒకే పంక్తిలో కూర్చుండినవారికి వడ్డనలో హెచ్చుతగ్గులు చూపుట దోషమని మన స్మృతులు చెప్పినవి. పంక్తిభేదమను మాట నేటికిని పెండ్లిపందిళ్ళలో వినవచ్చుచునే యున్నది. ప్రాచీన రోమకుల వాఙ్మయమునందును ఈ దోషమును గూర్చిన చర్చ విస్తారముగా గలదు. అయితే అచట తగవు నేతిని గూర్చి గాక, ద్రాక్షాసవమును గూర్చి పుట్టినది. భోజనముతోను, పండుగలయందును మేలైన ద్రాక్షాసవమును సేవించుట రోమకుల జీవితమున ముఖ్యాంగము. ఆ మేలైనదానిని ఎవరెవరికి పోయవలెనన్న ప్రశ్నకు వారు చెప్పిన సమాధానములను ఈ వ్యాసమున పరిశీలింపనెంచితిమి.

విందు పద్ధతిని రోమకులు చాలవఱకు గ్రీకులనుండి గ్రహించిరి. గ్రీకులు మొదట భుజించి, పిమ్మట పానగోష్ఠికి గడంగెడివారు. ఆసవమును క్రేటర్ అను పెద్ద పాత్రలో నీటితో కలిపి, ఆ పాత్రనుండియే అందఱికిని పోయుట వారి మర్యాద. నీటి పాలెంతయో నిర్ణయించుటకు గోష్ఠికి ఒక అధ్యక్షుడుండెడివాడు. రోమకులు భోజనారంభముననే తేనె కలిపిన ఆసవమునిచ్చి, భోజనము సాగుచుండగా ఇతరాసవములను పోసెడివారు. వారి భోజనశాలలో మూడు శయ్యలు, ఒక్కొక్కదానిపై మువ్వురు చొప్పున తొమ్మండుగురు ఉండుట పరిపాటి. ఎవరి స్థానమేదో వారి గౌరవమునుబట్టి ఏర్పడియుండెను. అనగా కూర్చుండుటలోనే అంతరువు కలదు.

ఆసవములలోను అంతరువులు గలవు. లేషియము, కంపానియా సీమల పొలిమేరనున్న మాసికస్ కొండ ప్రాంతమున పండిన ఫలేర్నియన్ ఆసవము మిక్కిలి ప్రసిద్ధము. క్రీ. పూ. 121లో, ఒపీమియస్ కాన్సల్ పదవియందుండిన యేటి పంట అసాధారణమైనదని పేరొందెను. క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము ప్రేలినపుడు మరణించిన పెద్ద ప్లినీ, ఆ ఆసవము దాదాపు రెండువందల యేండ్లు నిలిచి, చేదెక్కిన తేనెవలె చిక్కబడినదని వ్రాసెను. ఇటలీ ఆసవముల ఖ్యాతి సముద్రములు కూడ దాటినది. ఒకటవ శతాబ్దినాటి ఎరిత్రియన్ సముద్ర యాత్రావివరణము, భరుకచ్ఛమున దిగుమతియగు ఆసవములలో ఇటలీదానికే మొదటి గిరాకి యని చెప్పుచున్నది. శాతవాహనుల ప్రతిష్ఠానమునుండి సరకులు చేరిన రేవు అదియే.

వస్తువునకు ఇట్టి తరతమములేర్పడినపుడు, అవి మనుష్యులకును అంటుకొనెను. పెట్రోనియస్ రచించిన సటిరికాన్ అను కథలో, దాస్యమునుండి విడుదలపొంది ధనికుడైన ట్రిమాల్కియో, నూఱేండ్ల ఒపీమియన్ అని చీటీలంటించిన గాజుకూజాలను తెప్పించును. నిన్న ఇంతకంటె పెద్దమనుష్యులు వచ్చినను ఇంత మంచిది పోయలేదని అతిథుల యెదుటనే పలుకును. అతిథి యోగ్యతకు ఆసవము తూనికరాయి యైనదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

తక్కువరకము తమ పాలబడినవారు ఊరకుండలేదు. తనకు వేయీసీమ నాసిరకము పోసి, ఆతిథేయుడు మాత్రము మాసికస్ ఆసవమును త్రాగుచున్నాడని కవి మార్షియల్ ఎత్తిపొడిచెను. జువెనాల్ తన అయిదవ వ్యంగ్యకావ్యమున, విర్రో యను ధనికుని యింట ట్రేబియస్ అను ఆశ్రితుడు పడిన అవమానమును వర్ణించెను. అచట ఆసవమే కాదు, నీరును పానపాత్రయు కూడ వేఱువేఱు. కడుపునొప్పితో బాధపడు మిత్రునికైనను విర్రో తన పాత ఆసవమును గరిటెడు పంపడట!

పెద్ద ప్లినీ మేనల్లుడైన చిన్న ప్లినీ తన లేఖలలో ఒకదానియందు ఇట్టి విందునే ప్రస్తావించెను. ఆ ఆతిథేయుడు చిన్న సీసాలలో మూడు తరగతుల ఆసవముంచెను. ఒకటి తనకును ప్లినీకిని, రెండవది తక్కువ స్థాయి మిత్రులకు, మూడవది విముక్తదాసులకు. ప్రక్కనున్న యతడు మీ పద్ధతి యేమని యడుగగా, అందఱికిని ఒక్కటే యని ప్లినీ చెప్పెను. అది మిక్కిలి ఖర్చు గదా యన్నందులకు, వారు నేను త్రాగునది త్రాగరు, వారు త్రాగునది నేను త్రాగుదునని బదులు పలికెను.

ఈ సమాధానమును చదువరులు ఔదార్యమునకు గుర్తుగా మెచ్చుకొనుట కద్దు. మేము దీనిని మఱికొంత నిదానించి చూడవలెనని తలంచుచున్నాము. ప్లినీ తన మేలైన ఆసవమును క్రింది పంక్తికి దింపలేదు. తానే క్రింది రకమునకు దిగెను. ఇది సమత్వమే, కాని ఖర్చులేని సమత్వము. పెద్ద ప్లినీ ప్రశంసించిన కేటో విషయమును ఇట్టిదే. కేటో స్పెయిన్ దేశమునకు ఓడలో పోవునపుడు, తెడ్లు వేయువారు త్రాగు ఆసవమునే త్రాగెనట. ఆ కేటోయే తన వ్యవసాయ గ్రంథమున, పంట చేతికివచ్చిన పిమ్మట మూడునెలలు దాసులకు ద్రాక్షపిప్పిని నీట నానవేసి తీసిన పలుచని పానీయమును పోయుమని విధించెను. పండుగలకు మాత్రము వారి ఆసవపు పాలు పెంచెను.

ఆ పండుగలలో ముఖ్యమైనది సాటర్నేలియా. డిసెంబరు 17న జరుగు ఈ పండుగ మొదట ఒకనాటిది. క్రమముగా కొన్నిదినములకు విస్తరించెను. ఆ దినములలో యజమానులు దాసులతో కలసి భుజించుటయో, వారికే వడ్డించుటయో ఆచారము. రెండవ శతాబ్దివాడగు లూషియన్ ఈ పండుగపేర గ్రీకుభాషలో ఒక గ్రంథము రచించి, అందు విందునకు శాసనములు కల్పించెను. అందఱును ఒకే ఆసవము త్రాగవలెను. కడుపునొప్పి యనియో తలనొప్పి యనియో నెపము పెట్టి ధనికుడొక్కడే మేలైనది త్రాగరాదు. పేదల లేఖగా వ్రాసిన భాగమున ప్రశ్న మఱింత సూటిగానున్నది: ఒకరు పరిమళించు పాత ఆసవముతో మత్తిల్లుచుండగా, మఱొకరు పచ్చి ద్రాక్షరసముతో కడుపు చెఱుపుకొనవలెనని ఏ శాసనమున వ్రాసియున్నది? ప్లినీ చూపినది సమముగా పంచుట. లూషియన్ పేదలు కోరినది మంచిదానినే పంచుట. ఈ రెంటికిని గల భేదమే మా వ్యాసమునకు ప్రాణము.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. మార్షియల్, జువెనాల్ కవులు ఆశ్రితుల పక్షమున పలికిరి. లూషియన్ పేదలైనను విందునకు పిలువబడదగినవారే. కేటో పొలమున పిప్పినీరు త్రాగిన దాసుడు ఏమనుకొనెనో వ్రాసియుంచినవారు లేరు. సాహిత్యము పంక్తిలో కూర్చున్నవారి దుఃఖమును తెలుపును గాని, పంక్తి వెలుపలివారి దుఃఖమును తెలుపదు.

ఈ చివరి మాట మనకును వర్తించును. మన స్మృతులు పంక్తిలోని భేదమును నిషేధించినవి. పంక్తిలో ఎవరు కూర్చుండవలెనన్న భేదమును నిషేధింపలేదు. ఆ గీతను దాటినవాడుగా మన ఐతిహ్యము పండ్రెండవ శతాబ్ది పల్నాటి బ్రహ్మనాయుని కీర్తించుచున్నది. అన్నికులములవారిని ఒక్కచోట కుడిపిన ఆతని చాపకూడు, కారెంపూడి వీరారాధనోత్సవములలో నేటికిని జరుగుచున్నది. అయితే అదియును సాటర్నేలియావలె ఉత్సవదినమునకు చేరినది. మేలైనదానిని అందఱితో పంచుకొనవలెనని సమాజములు ఎఱుగకపోలేదు. ఎఱిగి, దానిని పండుగనాటికి వాయిదా వేసినవి. పండుగ మఱునాటి వడ్డన ఎట్లుండెనో పరిశోధించుట చరిత్రకారుని పని.