కోర్టు తీర్పులు – అధికారుల విధేయత, ధిక్కరణ: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత చరిత్ర

న్యాయస్థానం ఇచ్చిన తీర్పునుగాని, మధ్యంతర ఉత్తర్వునుగాని ప్రభుత్వాధికారి ఎప్పుడు శిరసావహించాలి, ఎప్పుడు అమలు చేయకుండా ఆగవచ్చు అన్న ప్రశ్న ఆంధ్రదేశంలో ఎక్కువగా బస్సుల రూట్లు, ఉద్యోగ నియామకాలు, దేవాలయ పాలన, భూముల వివాదాల మీదుగా తలెత్తింది. ప్రస్తుత నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. ఆళ్లగడ్డ, అహోబిలం, డోన్ ఈ జిల్లాలోనివే. ఈ ప్రాంతానికి, ఇక్కడి నుంచి ఎన్నికైన ఇద్దరు జాతీయ నాయకులకు ఈ ప్రశ్నతో ఉన్న సంబంధం యాదృచ్ఛికమే అయినా చాలా లోతైనది.

చట్టపరమైన స్థితి

రాజ్యాంగం 144వ అధికరణం దేశంలోని పౌర, న్యాయాధికార వర్గాలన్నీ సుప్రీంకోర్టుకు తోడ్పడేలా నడుచుకోవాలని నిర్దేశిస్తుంది. 129వ అధికరణం సుప్రీంకోర్టుకూ, 215వ అధికరణం హైకోర్టులకూ తమ ధిక్కరణను శిక్షించే అధికారాన్ని గుర్తించాయి. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం ప్రకారం తీర్పును, ఉత్తర్వును, కోర్టుకు ఇచ్చిన హామీని ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘించడం ‘సివిల్ ధిక్కరణ’ అవుతుంది. దానికి ఆరు నెలల వరకు సాధారణ జైలుశిక్షగాని, రూ. 2,000 వరకు జరిమానాగాని, రెండూ కలిపిగాని విధించవచ్చు. ధిక్కరణ జరిగిన ఏడాదిలోపే చర్య మొదలు కావాలి.

ఈ చట్రంలో తీర్పు సరైనదా కాదా అని తేల్చే పని అధికారికి లేదు. అది అమల్లో ఉందా, తనకు తెలిసిందా, దాని అర్థం స్పష్టంగా ఉందా అన్నవే అతను చూసుకోవలసినవి. తీర్పుపై అప్పీలు వేసినంత మాత్రాన అది ఆగిపోదు; పై కోర్టు ‘స్టే’, అంటే అమలు నిలుపుదల ఉత్తర్వు, ఇచ్చినప్పుడే ఆగుతుంది. కలెక్టరేట్లలో, తహసీల్దారు కార్యాలయాల్లో ‘అప్పీలుకు వెళ్తున్నాం’ అన్న నోటు ఫైలులో పెట్టి చేతులు దులుపుకునే అలవాటుకు చట్టంలో ఆధారం లేదు. ఉత్తర్వు చెల్లదని అధికారికి గట్టి నమ్మకం కలిగినా, దాన్ని రద్దు చేయించుకునేంతవరకు పాటించవలసిందేనని బీహారు ప్రభుత్వానికీ రాణీ సోనాబతీ కుమారికీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1960ల ఆరంభంలోనే స్పష్టం చేసింది. నిషేధపుటుత్తర్వుకు ప్రభుత్వం కూడా ఏ సామాన్య ప్రతివాదికీ తీసిపోకుండా బద్ధమై ఉండాలన్నది దాని సారాంశం.

అయితే అమలు జరగని ప్రతి సందర్భమూ ధిక్కరణ కాదు. స్టే ఉత్తర్వు సంగతి కింది కోర్టుకు తెలియకముందు జరిగిన చర్యను తప్పుపట్టలేమని ముల్‌రాజ్ కేసులో (1967) సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలులో, హైకోర్టు 1954 నుంచి గుంటూరులో ఉండి, కోర్టు కాగితాలు టపాలో ప్రయాణించిన రోజుల్లో ఉత్తర్వు ఎప్పుడు అందిందన్నది చిన్న విషయమేమీ కాదు. ఉత్తర్వు రెండు రకాల అర్థానికి తావిస్తే, లేక అమలు అసాధ్యమైతే, అధికారి తిరిగి కోర్టుకే వెళ్లి వివరణ గాని గడువు గాని కోరాలి. పై అధికారి నోటిమాట ఈ మినహాయింపుల్లో చేరదు. అందుకే అనుభవమున్న గుమాస్తాలు కోర్టు వ్యవహారాల్లో నోటి ఆదేశానికి తలూపి, రాతపూర్వకంగా రాకపోతే కదలరు.

పూర్వ చరిత్ర

భారతదేశంలో పాలకులు న్యాయస్థానాన్ని బాహాటంగా ఎదిరించిన ప్రసిద్ధ సందర్భం 1779–80 నాటి కాశీజోరా వ్యవహారం. ఒక జమీందారుపై కలకత్తా సుప్రీంకోర్టు జారీచేసిన ఆజ్ఞను లెక్కచేయవద్దని గవర్నరు జనరల్ కౌన్సిల్ చెప్పడమేగాక, షరీఫు మనుషులను అడ్డుకోవడానికి సైనికులను పంపింది. బ్రిటిష్ పార్లమెంటు 1781లో చట్టం చేసి కోర్టు అధికార పరిధిని కుదించి వివాదాన్ని ముగించింది. అమెరికాలో లిటిల్‌రాక్ పాఠశాలల్లో జాతి విభజన వివాదంపై 1958లో వచ్చిన కూపర్ తీర్పు దీనికి పూర్తిగా ఎదురు దిశలో సాగింది: సుప్రీంకోర్టు చెప్పిన రాజ్యాంగార్థానికి రాష్ట్రాధికారులు కట్టుబడి ఉండాలని అది నొక్కి చెప్పింది. ఆంధ్రదేశపు చరిత్రలో సైనికులు రాలేదు. ఇక్కడి పోరాటాలు జీవోలతో, అఫిడవిట్లతో, రాజీనామాలతో సాగాయి.

కర్నూలు బస్సుల కేసు

రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరిలో ఏర్పడిన తరువాత ప్రైవేటు బస్సు రూట్లను జాతీయం చేసే పథకాలు ఒక్కొక్క జిల్లాలో మొదలయ్యాయి. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ పథకంపై బస్సు యజమానుల అభ్యంతరాలు విని ఆమోదించవలసింది రాష్ట్ర ప్రభుత్వమే. కృష్ణా జిల్లా పథకంలో అభ్యంతరాలు విన్నది రవాణాశాఖ కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి. విన్నవారొకరు, తేల్చినవారొకరు కావడం సహజన్యాయ సూత్రానికి, అంటే తీర్పు చెప్పేవారే వాదన వినాలన్న నియమానికి, విరుద్ధమని గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు 1958 నవంబరులో ఆ పథకాన్ని కొట్టివేసింది. ప్రభుత్వం తీర్పును తప్పించుకోకుండా లోపాన్ని సరిదిద్దింది. ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విని మళ్లీ ఆమోదించారు. 1959లో రెండోసారి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. కోర్టుకు విధేయంగా ఉంటూనే ప్రభుత్వం తన విధానాన్ని సాధించుకోవడానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ రాష్ట్ర చరిత్రలో దొరకడం కష్టం.

కర్నూలులో కథ మరోలా నడిచింది. జాతీయీకరణకు జిల్లాల వరుసక్రమం ముందే ఖరారైనా, ఆ క్రమాన్ని మార్చి, కర్నూలు జిల్లాను రెండు భాగాలు చేసి పశ్చిమ భాగాన్ని ముందుకు తెచ్చారు. నంద్యాల, ఆళ్లగడ్డలు తూర్పు వైపువి. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి 1962లో డోన్ నుంచి శాసనసభకు పోటీచేశారు. ఎన్నికల్లో తనను ఎదిరించిన వర్గానికి చెందిన బస్సు యజమానులకు నష్టం కలిగించడానికే ఆయన ఈ మార్పు చేయించారని ఆపరేటర్లు ఆరోపించారు. సి.ఎస్. రౌజీ పేరుతో ప్రసిద్ధమైన ఈ కేసులో 1964 ఆరంభంలో తీర్పు రాసిన జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్, వరుసక్రమం మారడానికి సంస్థ చూపిన కారణాలు నిలబడవని, ఆరోపణలకు గురైన ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ దాఖలు చేసి ఖండించలేదని గమనించి, పథకాన్ని దురుద్దేశంతో కూడినదిగా కొట్టివేశారు. కింది అధికారులు వేసిన కౌంటర్లు ఆ మౌనాన్ని పూడ్చలేకపోయాయి. పాలనలో నేటికీ పనికొచ్చే నియమం ఇది: ఎవరి మనసులోని ఉద్దేశంపై ఆరోపణ వచ్చిందో వారే ప్రమాణం చేసి జవాబు చెప్పాలి, వారి బదులు మరొకరు చెబితే దానికి విలువ తక్కువ.

కోర్టు ఆయనను పదవి వదలమని ఆదేశించలేదు. పథకం రద్దుతో తీర్పు అమలు పూర్తయినట్టే. అయినా సంజీవరెడ్డి 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు, కాసు బ్రహ్మానందరెడ్డి ఆ పదవిలోకి వచ్చారు. ఆ రాజీనామాను విధేయత అనడం అంత సరికాదు, అది కోర్టు వ్యాఖ్యకు రాజకీయంగా చెల్లించిన మూల్యం. పదమూడేళ్ల తరువాత, 1977లో, ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో జనతా పక్షం గెలిచిన ఒకే ఒక్క స్థానం నంద్యాల. అక్కడి నుంచి ఎన్నికైన సంజీవరెడ్డి ముందు లోక్‌సభ స్పీకరు, అదే ఏడాది జులైలో రాష్ట్రపతి అయ్యారు.

ముల్కీ తీర్పు, 371-డి అధికరణం

ఉద్యోగాలకు స్థానిక నివాసాన్ని అర్హతగా పెట్టిన నిజాం కాలపు ముల్కీ నిబంధనలు తెలంగాణలో ఇంకా చెల్లుతాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ప్రకటించినప్పుడు, తీర్పును అంగీకరించిన ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు ప్రభుత్వం కోస్తా, రాయలసీమల్లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమాన్ని ఎదుర్కోవలసి వచ్చింది. ఆంధ్ర ప్రాంతపు ఎన్జీవోలు, అంటే నాన్‌గెజిటెడ్ ఉద్యోగులు, నెలల తరబడి సమ్మె చేశారు. తీర్పును అమలు చేయవలసిన చేతులే పని మానేయడం వ్యక్తిగత ధిక్కరణ కిందికి రాదు, కానీ ఫలితం అంతకంటే పెద్దది: 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది, ఆరు సూత్రాల పథకం వెలువడింది, 32వ సవరణతో రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. తీర్పు రుచించనివారు రోడ్డెక్కగా, చివరికి మార్పు వచ్చింది పార్లమెంటు ద్వారానే.

ఆ 371-డిలోనే ఒక వింత నిబంధన ఉంది. ఉద్యోగుల వివాదాలను తేల్చే పరిపాలనా ట్రిబ్యునల్ తుది ఉత్తర్వు, రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించినప్పుడుగాని, మూడు నెలలు గడిచినప్పుడుగాని మాత్రమే అమల్లోకి వస్తుంది. ఈలోగా ప్రభుత్వం కారణాలు రాసి దాన్ని మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. ట్రిబ్యునల్ ముందు ప్రతివాది ఎప్పుడూ ప్రభుత్వమే. ఓడిన కక్షిదారుకే తీర్పును చెరిపే కలం ఇచ్చినట్టయిన ఈ అయిదో ఖండం, దేశంలో మరే రాష్ట్రానికీ లేని రీతిలో, ధిక్కరణకు రాజ్యాంగ ముద్ర వేసింది. పి. సాంబమూర్తి కేసులో 1986 డిసెంబరు 20న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తరఫున ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి, ఇది చట్టబద్ధ పాలనకు, రాజ్యాంగ మౌలిక స్వరూపానికి విరుద్ధమని కొట్టివేశారు. ట్రిబ్యునల్ 1976 నుంచి పనిచేస్తున్నందున, దాదాపు పదేళ్లపాటు కర్నూలు జిల్లా ఉపాధ్యాయుడైనా, గుమాస్తా అయినా గెలిచిన కేసు నిజంగా గెలిచాడో లేదో సచివాలయం చెప్పేదాకా తెలియని స్థితి నడిచింది.

కోర్టు నిర్ణయాన్ని శాసనసభ ఏమీ చేయలేదని దీని అర్థం కాదు. తీర్పుకు ఆధారమైన లోపాన్ని కొత్త చట్టంతో తొలగించవచ్చునని, కాని ‘ఆ తీర్పు చెల్లదు’ అని ఊరికే ప్రకటించరాదని పృథ్వీ కాటన్ మిల్స్ కేసు (1969) గీసిన గీత ఇప్పటికీ అమల్లో ఉంది.

నంద్యాల సభ్యుడి కాలం

ప్రధానమంత్రి అయ్యాక పి.వి. 1991 నవంబరు ఉపఎన్నికలో నంద్యాల నుంచి లోక్‌సభకు వచ్చారు. ఆయన కోసం స్థానాన్ని ఖాళీ చేసినవారు ఆళ్లగడ్డ రాజకీయ కుటుంబానికి చెందిన గంగుల ప్రతాపరెడ్డి. పి.వి. ప్రధాని పదవిలో ఉండగానే స్వతంత్ర భారతంలో అత్యంత చర్చనీయమైన ధిక్కరణ జరిగింది. అయోధ్యలో నిర్మాణం చేపట్టరాదన్న కోర్టు ఉత్తర్వులుండగా 1992 జులైలో వివాద స్థలంలో కాంక్రీటు వేదిక లేచింది. దానికి ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కల్యాణ్‌సింగ్‌ను బాధ్యుడిగా తేల్చి 1994 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఒక్క రోజు లాంఛనప్రాయపు జైలుశిక్ష, రూ. 2,000 జరిమానా విధించింది. ఆ శిక్ష జులై వేదికకే గాని 1992 డిసెంబరు 6 నాటి బాబ్రీ మసీదు కూల్చివేతకు కాదన్న సంగతి తరచు మరుగునపడుతుంది. కూల్చివేతకు సంబంధించిన ధిక్కరణ పిటిషన్లను సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో ముగించింది. రాష్ట్రం ఇచ్చిన హామీని నమ్మి కేంద్రం ఎంతవరకు చూస్తూ ఉండవచ్చన్న ప్రశ్న నంద్యాల సభ్యుణ్ని చివరిదాకా వదలలేదు.

ఇటీవలి కాలం

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో పనిచేయడం మొదలుపెట్టాక ధిక్కరణ ఒక కొత్త రూపం తీసుకుంది: తీర్పును పాటించినట్టే కనిపిస్తూ దాన్ని దాటడం. పంచాయతీ భవనాలకు అధికార పక్షపు రంగులు వేయడాన్ని 2020 మార్చిలో హైకోర్టు తప్పుపట్టగా, ప్రభుత్వం 623వ నంబరు జీవోతో అవే రంగులకు ఎర్రమట్టి రంగు జోడించి, ఒక్కో రంగుకూ ఒక్కో అర్థం చెప్పింది. హైకోర్టు ఆ జీవోను కొట్టివేసి ధిక్కరణ చర్య చేపట్టింది. 2020 జూన్ 3న సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. పంచాయతీ ఎన్నికల విషయంలో 2021 జనవరిలో ఉద్యోగ సంఘాలు విధులకు వెనుకాడి కోర్టుకెక్కాయి గాని, జనవరి 25న సుప్రీంకోర్టు ప్రభుత్వ, ఉద్యోగుల పిటిషన్లను రెంటినీ కొట్టివేశాక ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో అదే ఏడాది అక్టోబరులో సిద్దిపేట కలెక్టరు, సుప్రీంకోర్టు ఉత్తర్వు తెచ్చుకున్నా వరి విత్తనాలు అమ్మనివ్వనని సమావేశంలో చెప్పడం వేరే కోవకు చెందింది. చేతల్లో తప్పించుకునేవారు మాటల్లో సాధారణంగా ఎంతో వినయంగా ఉంటారు.

కర్నూలును న్యాయ రాజధాని చేస్తామన్న ప్రతిపాదన కూడా ఈ చరిత్రలో భాగమే. ఆ రాజధాని మార్పు ప్రణాళికను అడ్డుకుంటూ, అమరావతిని ఆరు నెలల్లో అభివృద్ధి చేయాలన్న 2022 మార్చి 3 నాటి హైకోర్టు తీర్పుపై ప్రభుత్వం సెప్టెంబరులో అప్పీలుకు వెళ్లింది; గడువులతో కూడిన ఆదేశాలపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది నవంబరు 28న. స్టే వచ్చేసరికి గడువు దాటిపోయింది.

ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలం నరసింహస్వామి ఆలయ వివాదంలో విషయం నేరుగా తేలింది. దేవాదాయశాఖ ఆలయానికి కార్యనిర్వహణాధికారిని నియమించగా, ఆలయం అహోబిల మఠంలో విడదీయరాని భాగమని, మఠం తమిళనాడులో, ఆలయం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నంత మాత్రాన ఆ బంధం తెగదని, నియామకం 26(డి) అధికరణం కాపాడిన నిర్వహణ హక్కును భంగపరుస్తుందని 2022 అక్టోబరు 13న హైకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వం ప్రత్యేక అనుమతి పిటిషన్ వేసింది, 2023 జనవరి 27న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అంతటితో నియామకాధికారం విషయంలో దేవాదాయశాఖకు వేరే దారి మిగలలేదు.

శిక్షల తీరు

పాఠశాలల ఆవరణల్లో గ్రామ సచివాలయ భవనాలు కట్టరాదన్న ఉత్తర్వును అమలు చేయని ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు 2022 మార్చి 31న హైకోర్టు రెండు వారాల జైలుశిక్ష విధించి, వారు బేషరతుగా క్షమాపణ చెప్పడంతో దాన్ని ఏడాదిపాటు నెలకొకరోజు సంక్షేమ హాస్టళ్లలో సేవగా మార్చింది. అధికారులను చీటికిమాటికి పిలిపించడం తగదని, వీలైనచోట వీడియో ద్వారా వినాలని సుప్రీంకోర్టు 2024 జనవరి 3న మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మెత్తదనానికి హద్దు ఉందని మరుసటి ఏడాది తేలింది. గుంటూరులో హైకోర్టు ఉత్తర్వు ఉండగా 2014 జనవరిలో గుడిసెలు కూల్పించిన ఒక తహసీల్దారుకు హైకోర్టు రెండు నెలల జైలు విధించగా, అప్పటికి డిప్యూటీ కలెక్టరు స్థాయికి చేరిన ఆ అధికారి విషయంలో 2025 మే 9న సుప్రీంకోర్టు జైలుశిక్ష బదులు తిరిగి తహసీల్దారుగా స్థాయి తగ్గించి లక్ష రూపాయల జరిమానా వేసింది. 1971 చట్టంలోని రూ. 2,000 జరిమానా ఎవరినీ భయపెట్టని కాలంలో, రెవెన్యూ ఉద్యోగులకు హోదా పోవడమే జైలుకంటే బరువైన శిక్ష.