జుహల్ చాంద్ మీద అలీబాబా

శని గ్రహాన్ని ఉర్దూ కితాబుల్లో జుహల్ అంటారు. ఆ జుహల్ చుట్టూ తిరిగే చాంద్‌లలో ఒకటి ఎన్సెలడస్. అడ్డంగా కొలిస్తే 504 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకి బస్సులో పోయే దూరం కంటే తక్కువ. పైనంతా గడ్డకట్టిన మంచు. ఆ మంచు మీద అలీబాబా ఉన్నాడు. అలావుద్దీన్ ఉన్నాడు, సింద్‌బాద్ ఉన్నాడు. బాద్‌షా షహర్‌యార్ ఉన్నాడు. ఆయనకి రాత్రికొక కిస్సా చెప్పి ప్రాణం నిలుపుకున్న షహర్‌జాద్, ఆమె చెల్లెలు దున్యాజాద్ కూడా ఉన్నారు.

ఇవన్నీ అక్కడున్న గుంతల పేర్లు. సరదాకి ఎవరో పెట్టినవి కావు, సైన్సు నక్షాల్లో పక్కాగా రాసుకున్నవి. ఈ ఖబర్ మన ఫ్యామిలీ గ్రూపుల్లోకి వచ్చినప్పుడల్లా కింద ఎవరో ఒకరు "మాషా అల్లాహ్, ఆస్మాన్‌లోనూ మన పేర్లే" అని రాస్తారు. ఫక్ర్ పడటంలో తప్పేం లేదు. కాకపోతే ఆ పేర్లు అంత దూరం ఎలా చేరాయన్న తారీఖ్ కూడా తెలిసి ఫక్ర్ పడితే బాగుంటుంది. ఆ తారీఖ్‌లో హలబ్ నుంచి వెళ్లిన ఒక అరబ్ క్రైస్తవుడు, ఉర్దూ రాసిన ఒక హిందూ మున్షీ, ఒక అంగ్రేజ్ కెప్టెన్ ఉన్నారు.

ముందు ఆ చాంద్ సంగతి. ఎన్సెలడస్‌ని 1789లో విలియం హెర్షెల్ ఇంగ్లండ్‌లో తన దూర్బీన్‌తో చూశాడు. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లు అది ఒక తెల్లని చుక్క మాత్రమే. 1980లో వాయేజర్-1, 1981లో వాయేజర్-2 శని పక్కగా పోతూ ఫొటోలు తీశాయి. అప్పుడు ఆ చుక్కకి ముఖం కనిపించింది. ఒకవైపు గుంతలు, ఇంకోవైపు నున్నటి మైదానాలు, మధ్యలో పగుళ్లు.

అంతరిక్షంలో తిరిగే రాళ్లు, మంచుముక్కలు భయంకరమైన వేగంతో వచ్చి గుద్దుకుంటే ఈ గుంతలు పడతాయి. మన చాంద్ మీద కనిపించే మచ్చల్లోనూ ఇలాంటివే వేల సంఖ్యలో ఉన్నాయి. గుంతలు ఎక్కువ ఉన్న నేల పాతది, తక్కువ ఉన్న నేల కొత్తది. శాస్త్రవేత్తలు వయసు లెక్కగట్టే పద్ధతి ఇదే. ఎన్సెలడస్ మీద అసలు గుంతలే లేని నేల కూడా ఉంది. అంటే లోపలి నుంచి ఏదో ఆ నేలని మళ్లీ మళ్లీ కొత్తగా చేస్తోందన్న మాట.

ముఖం కనిపించింది కాబట్టి ఇక పేర్లు కావాలి. ఈ పని అంతర్జాతీయ ఖగోళ సంఘానిది. వాళ్లకి ఒక ఖాయిదా ఉంది. ఒక్కో చాంద్‌కి ఒక్కో విషయం ఎంచుకుంటారు. ఇక దాని మీద పెట్టే పేర్లన్నీ అందులోంచే రావాలి. మతపరమైన ప్రాధాన్యం ఉన్న పేర్లు పెట్టకూడదు. శని చాంద్‌లకి వాళ్లు ఎక్కువగా పాత గాథల్ని పంచారు. మీమస్‌కి ఆర్థర్ రాజు కథలు. టెథిస్‌కి గ్రీకుల ఒడిస్సీ. ఇయాపిటస్‌కి ఫ్రెంచివాళ్ల రోలాండ్ గాథ.

ఈ రోలాండ్ గాథ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 778లో షార్లమేన్ సైన్యం స్పెయిన్ నుంచి తిరిగి వస్తుంటే రోన్సెవో కనుమలో వెనకదళం మీద దాడి జరిగింది. తారీఖ్ ప్రకారం దాడి చేసింది బాస్క్ కొండజాతివాళ్లు. గాథ రాసేనాటికి వాళ్లు పోయి ఆ స్థానంలో ముసల్మానులు వచ్చి కూర్చున్నారు. ఇయాపిటస్ నక్షాలో షార్లమేన్, రోలాండ్‌లతో పాటు ఆ గాథలోని సరగోసా ముస్లిం రాజు మార్సిలియన్ పేరు కూడా ఉంది. అంటే జుహల్ చుట్టూ తిరిగే ఒక చాంద్ మీద మనం ఎవరి గాథలోనో దుష్మన్‌లం, ఇంకో చాంద్ మీద కిస్సాల్లో హీరోలం. రెండూ వేరేవాళ్లు రాసుకున్న కితాబుల్లోంచి ఎక్కినవే.

ఎన్సెలడస్‌కి దక్కింది అలిఫ్ లైలా. అంత వింతగా ఉన్న నేలకి అంతే వింతైన కితాబు సరిపోతుందని అనుకున్నారు. 1982లో మొదటి పేర్లు ఖరారయ్యాయి. గుంతలకి కిస్సాల్లోని మనుషుల పేర్లు, మైదానాలకీ పగుళ్లకీ ఊర్ల పేర్లు. సరందీబ్ మైదానం ఉంది. సింద్‌బాద్ చేరిన ఆ దీవి మన పక్కనున్న శ్రీలంకే. సమర్‌ఖంద్ ఉంది, బస్రా ఉంది. కుష్ఠు పట్టిన యూనాన్ బాద్‌షాని నయం చేసి, అదే బాద్‌షా చేతిలో హతమైన హకీమ్ దూబాన్ పేరు ఒక గుంతకి పెట్టారు. షహర్‌జాద్, దున్యాజాద్ గుంతలు పక్కపక్కనే ఉన్నాయి. వాటిని ఆనుకుని మూడోది, అల్ హద్దార్. కిస్సాలో ఇతను బాగ్దాద్ మంగలికి అన్న, పేరుకి అర్థం వాగుడుకాయ. పేర్లు పెట్టినవాళ్లలో ఎవరికో హాస్యం బాగానే తెలుసు!

ఇంతకీ ఏ అలిఫ్ లైలా? ఖగోళ సంఘం ఖాయిదాలో అది కూడా స్పష్టంగా ఉంది. రిచర్డ్ బర్టన్ ఇంగ్లీషు తర్జుమా. బర్టన్ ఈస్టిండియా కంపెనీ ఫౌజ్‌లో చేరి సింధ్‌లో పనిచేశాడు, హిందుస్తానీ నేర్చుకున్నాడు. 1885 నుంచి 1888 దాకా సంపుటాల మీద సంపుటాలుగా అలిఫ్ లైలా అచ్చేశాడు. అతను ఎక్కువగా ఆధారపడిన అరబీ ప్రతి 1839-42 మధ్య ఎక్కడ అచ్చయిందో తెలుసా? కలకత్తాలో.

ఆ అరబీ ప్రతిలో అలావుద్దీన్ లేడు. అలీబాబా కూడా లేడు. పాత అరబీ చేతిరాత ప్రతుల్లో ఎక్కడా లేరు. మరి వాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారు? 1709లో పారిస్‌లో ఆంత్వాన్ గాలాఁ అనే ఫ్రెంచి పండితుడికి హలబ్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు పరిచయమయ్యాడు. పేరు హన్నా దియాబ్, మారొనైట్ క్రైస్తవుడు. గాలాఁ అప్పటికే అలిఫ్ లైలాని ఫ్రెంచిలోకి తెస్తున్నాడు, చేతిలో కిస్సాలు అయిపోయాయి. దియాబ్ నోటితో చెప్పాడు. అలావుద్దీన్ చెప్పాడు, అలీబాబా చెప్పాడు, షహజాదా అహ్మద్, పరీ బానూల కిస్సా చెప్పాడు. గాలాఁ ఆ సంగతి తన డైరీలో రాసుకున్నాడు. అచ్చయిన కితాబులో మాత్రం దియాబ్ పేరు వేయలేదు. దియాబ్ ముసలితనంలో, 1760లలో, అరబీలో తన సఫర్‌నామా రాసుకున్నాడు. అది వాటికన్ లైబ్రరీలో పడి ఉండి, 2015లో ఫ్రెంచిలో అచ్చయింది.

బర్టన్ ఈ కిస్సాల్ని కూడా తన కితాబులో కలపాలనుకున్నాడు. కొన్నిటికి సరైన అరబీ మూలం దొరకలేదు. అప్పుడతను పట్టుకున్నది ఉర్దూ అలిఫ్ లైలాని. మున్షీ తోతారామ్ షాయాన్ చేసిన తర్జుమా అది. లక్నో నవల్ కిషోర్ ప్రెస్ కోసం కలం పట్టిన షాయర్ ఆయన. అంటే దియాబ్ అరబ్బు నోటి నుంచి ఫ్రెంచిలోకి వెళ్లిన కిస్సా తిరిగి తిరిగి మన ఉర్దూలోకి వచ్చి, ఉర్దూలోంచి ఇంగ్లీషులోకి పోయి, అక్కడ్నుంచి జుహల్ చాంద్ ఎక్కింది. ఉర్దూ మీడియంలో చదువుకున్నందుకు "దాంతో ఏం పనికొస్తుంది" అన్న మాట ఎన్నిసార్లు విన్నామో మనలో చాలామందికి లెక్కే లేదు. ఇకమీద ఎవరైనా అడిగితే, ఎన్సెలడస్ నక్షాలో మన జబాన్‌కీ హిస్సా ఉందని చెప్పొచ్చు. ఆ హిస్సా తెచ్చిపెట్టింది తోతారామ్ అనే మున్షీ అని కూడా అదే నోటితో చెప్పాలి. అసలు షహర్‌జాద్ కిస్సా మూలం ఫార్సీ 'హజార్ అఫ్సాన్' అని పదో సదీలోనే బాగ్దాద్‌లో ఇబ్న్ అన్ నదీమ్ తన ఫెహ్రిస్త్‌లో రాశాడు. ఇన్ని చేతులు పడిన కితాబుని ఒక్క ఖౌమ్ సొత్తు అనడం ఆ చేతులకి నాఇన్సాఫీ.

తెలుగువాళ్లకి కూడా ఈ కిస్సాలు పరాయివి కావు. 1957లో అక్కినేని అల్లావుద్దీన్‌గా తెర మీదికొచ్చాడు, 1970లో ఎన్టీఆర్ ఆలీబాబాగా నలభై దొంగల పని పట్టాడు. మన వీధిలోని పిల్లలందరూ ఏ భేదం లేకుండా కలిసి చూసిన సినిమాలు అవి.

ఇప్పుడు మన సొంత చాంద్ వైపు చూద్దాం. అక్కడి గుంతల పేర్లకి పునాది 1651లో ఇటలీలో రిచియోలీ అనే పాద్రీ అచ్చేసిన నక్షా. అతను ఆలిమ్‌ల పేర్లు పెట్టాడు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. కాకపోతే లాటిన్‌లో గుర్తుపట్టడం కష్టం. 'ఆల్బటెగ్నియస్' అంటే అల్ బత్తానీ, ఏడాది పొడవుని బహుత్ బారీక్‌గా లెక్కగట్టిన ఆలిమ్. 'ఆల్ఫ్రగానస్' అంటే అల్ ఫర్గానీ. 'ఆర్జాకెల్' అంటే అల్ జర్ఖాలీ. 'అజోఫీ' అంటే నక్షత్రాల కితాబు రాసిన అబ్దుర్ రహ్మాన్ అస్ సూఫీ. 'థెబిట్' అంటే సాబిత్ ఇబ్న్ ఖుర్రా. చాలా తర్వాత, 1970లో, అల్ బిరూనీ పేరు కూడా చేరింది.

అల్ బత్తానీ, సాబిత్ ఇద్దరిదీ హర్రాన్ వతన్. ఆ హర్రాన్ పేరు ఎన్సెలడస్ మీద కూడా ఉంది. అక్కడికి మాత్రం ఈ ఆలిమ్‌ల వల్ల రాలేదు. ఖుదాదాద్ కిస్సాలో హర్రాన్ బాద్‌షా ఉన్నాడు కాబట్టి వచ్చింది. నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. రాత్రంతా మేలుకుని ఆస్మాన్‌ని కొలిచినవాళ్ల పేర్లు లాటిన్‌లో అరిగిపోయి, ఇంట్లో పిల్లలకి తెలియకుండా పోయాయి. ఎన్నడూ పుట్టని అలీబాబా పేరు మాత్రం చెక్కుచెదరలేదు. తప్పు అలీబాబాది కాదు. కిస్సాని మనం రోజూ చెప్పుకున్నాం, ఇల్మ్‌ని చెప్పుకోవడం మానేశాం.

ఎన్సెలడస్‌లో ఇంకో సంగతి ఉంది. 2004లో శని దగ్గరికి చేరిన కాసిని అనే వ్యోమనౌక, మరుసటి ఏడాది ఆ చాంద్ దక్షిణ ధ్రువం నుంచి నీటి ఆవిరి, మంచు పొడి ఫౌంటెన్‌లా పైకి చిమ్మడం కనిపెట్టింది. అక్కడ నాగటి చాళ్లలా నాలుగు పొడవాటి పగుళ్లున్నాయి. ఒక్కోటి సుమారు 130 కిలోమీటర్లు. 2006లో వాటికి అలెగ్జాండ్రియా, కైరో, బాగ్దాద్, డమాస్కస్ అని పేర్లు పెట్టారు. ఆ ఏడాది భూమ్మీది బాగ్దాద్ గల్లీల్లో రోజూ జనాజాలు లేచాయి. ఆస్మాన్‌లోని బాగ్దాద్ నుంచి నీళ్లు లేస్తున్నాయి. ఆ మంచు కింద ఉప్పునీటి సముందర్ ఉందని తేలింది. ఆ నీటి తుంపరల్లో హైడ్రోజన్ ఉందని 2017లో, ఫాస్ఫేట్లు ఉన్నాయని 2023లో ప్రకటించారు. జీవం కోసం ఎక్కడ వెతకాలి అంటే శాస్త్రవేత్తలు ముందుగా చెప్పే చోట్లలో అది ఒకటైంది.

పైకి లేచిన మంచులో ఎక్కువ భాగం తిరిగి అక్కడే పడుతుంది. అలా పడుతూ పడుతూ గుంతల్ని కొద్దికొద్దిగా కప్పేస్తోంది. కింద వెచ్చగా ఉన్న చోట మంచు మెత్తబడి, అలీబాబా గుంత అడుగు బుడిపెలా పైకి ఉబ్బింది. లక్షల ఏళ్ల లెక్కలో చూస్తే ఆ గుంతలకి కూడా భరోసా లేదు.

పేరు మిగిలేది చెప్పేవాళ్లు ఉన్నప్పుడే. ఈసారి చవ్‌దవీ కా చాంద్ రోజు బచ్చాలని డాబా మీదికి తీసుకెళ్లండి. అల్ బత్తానీ, అస్ సూఫీ, సాబిత్ ఇబ్న్ ఖుర్రా పేర్లని సరైన తలఫ్ఫుజ్‌తో చెప్పించండి. ఆ తర్వాత అలీబాబా కిస్సా చెప్పండి. అది మొదట చెప్పింది హలబ్ కుర్రాడు హన్నా దియాబ్ అని, దాన్ని ఉర్దూలో మనదాకా మోసుకొచ్చింది మున్షీ తోతారామ్ షాయాన్ అని కూడా చెప్పండి. ఆ ఇద్దరి పేరు మీద ఎన్సెలడస్ మీద ఒక్క గుంత కూడా లేదు. ఖాయిదా ప్రకారం కిస్సాలోని మనుషులకే అక్కడ జాగా, కిస్సా చెప్పినవాళ్లకి లేదు.