రోగి పక్కన ఉండే మనిషి

మన ప్రాంతంలో రోగి ఒంటరిగా ఆసుపత్రికి పోడు. కొత్తపట్నం సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. ఒంగోలు అక్కడికి ఇరవై కిలోమీటర్ల లోపే. ఆ ఊళ్లో ఎవరికైనా జబ్బు ముదిరి ఒంగోలుకు తరలిస్తే రోగితో పాటు చాప, దుప్పటి, మరచెంబు, అన్నం క్యారియరు, వాటి వెంట కనీసం ఇద్దరు మనుషులు కదులుతారు. ఒకరు మంచం పక్కన కూర్చుంటారు. రెండవవారు మందులకు, చీటీలకు, భోజనానికి తిరుగుతారు. వేటకు పోయే ఇంట్లోనైనా, మిరప కోతలకు పోయే ఇంట్లోనైనా అన్ని రోజుల కూలి పోయినట్లే. రోగిని పక్కకు ఒత్తిగిలజేసేది, నీళ్లు తాగించేది, మలమూత్రాలు ఎత్తేది, రాత్రివేళ జ్వరం పెరిగితే నర్సమ్మను పిలుచుకు వచ్చేది చాలావరకు ఈ మనుషులే. ఆసుపత్రి చీటీ మీద వైద్యుని పేరు ఉంటుంది గాని వీరి పేరు ఎక్కడా కనిపించదు.

రోగికి జరిగే ఈ పరిచర్యను పరిశీలించి, లెక్కగట్టి, అందులో ఏది మేలు చేస్తున్నదో ఏది చేయడం లేదో తేల్చడమే నర్సింగు పరిశోధన. మందుల చరిత్ర, శస్త్రచికిత్స చరిత్ర పాఠ్యపుస్తకాలలో కొంతైనా దొరుకుతాయి. పక్క మార్చడానికీ, నీళ్లు తాగించడానికీ కూడా ఒక శాస్త్రమున్నదంటే నవ్వేవారు ఈనాటికీ లేకపోలేదు.

ఈ శాస్త్రానికి ఆరంభం ఫ్లారెన్సు నైటింగేలు అని అందరూ చెబుతారు. ఆమె చేతి లాంతరు గురించి చెప్పినంతగా ఆమె లెక్కల గురించి చెప్పరు. 1854 నవంబరులో 38 మంది స్త్రీలతో ఆమె క్రిమియా యుద్ధపు సైనికుల కోసం టర్కీలోని స్క్యుటారి ఆసుపత్రికి చేరింది. శుభ్రమైన బట్టలు, వేళకు ఆహారం, మనిషికో మంచం ఏర్పాటు చేసింది. అయినా మరణాలు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరిన ప్రతి నూరుమందికి దాదాపు 43 మంది చనిపోయారు. మార్చిలో లండను నుంచి వచ్చిన ఆరోగ్య సంఘంవారు ఆ కట్టడం కింద మురుగు నిలిచిన కాలువలను బాగుచేయించి, గాలి వచ్చే మార్గం చేశారు. జూను నాటికి మరణాలు నూటికి రెండు చిల్లరకు దిగినవి. ఎంత ప్రేమతో సేవ చేసినా మురుగు మీద కట్టిన ఆసుపత్రిలో అది ఫలించదన్న సంగతిని, ఇంగ్లండుకు తిరిగివెళ్లిన తరువాత విలియం ఫార్ అనే గణాంకవేత్తతో కలిసి పట్టికలు వేసినప్పుడే ఆమె పూర్తిగా గ్రహించింది. తన శ్రమ వల్లనే అంతా బాగుపడిందని లోకం పొగడుతున్న రోజులలో, కాదని తన అంకెల చేతనే చెప్పించిన మనిషి ఆమె. ఆమె గొప్పతనమంతా ఇక్కడే ఉన్నది. 1858లో ఆమె గీసిన వృత్తాకార చిత్రాలు గణాంకశాస్త్ర గ్రంథాలలో ఇప్పటికీ కనిపిస్తాయి.

నైటింగేలు భారతదేశానికి ఎన్నడూ రాలేదు. అయితే 1859లో ఇక్కడి సైన్యపు ఆరోగ్యస్థితిని విచారించడానికి ఏర్పడిన రాజసంఘం వెనుక ఉండి పనిచేసింది ఆమెయే. దేశంలోని సైనిక స్థావరాలన్నిటికీ ప్రశ్నపత్రాలు పంపించి, వచ్చిన కాగితాల గుట్టలను తానే చదివింది. 1863లో వెలువడిన నివేదిక ప్రకారం ఇక్కడి బ్రిటిషు సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారు. యుద్ధాలలో కాదు, రోగాలతో. తరువాతి కాలంలో ఆమె దృష్టి పల్లెల వైపు, నీటివైపు మళ్లింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటనుతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, కాలువల తవ్వకానికి మద్దతుగా వ్రాసింది. కడుపుకు తిండి లేనిచోట ఆసుపత్రులు ఏమి చేయగలవన్నది ఆమె వాదం.

మన దేశంలో నర్సులకు తొలి శిక్షణశాల 1871లో మదరాసు జనరల్ ఆసుపత్రిలో ఏర్పడినది. అప్పుడు కొత్తపట్నం మదరాసు రాజధానిలోనే, నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు తాలూకాతో పాటు అందులోకి వచ్చినది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చేవరకూ అందులోనే ఉన్నది. శిక్షణ పొందిన నర్సు అనే మనిషి ఈ ప్రాంతపు ప్రజలకు పరిచయమైనది మాత్రం ప్రధానంగా మిషనరీ ఆసుపత్రుల ద్వారా. పురుళ్లు మంత్రసాని చేతిలో, జబ్బులు ఇంటివైద్యం చేతిలో ఉండేవి. పరాయి మనిషి ఒంటిని ముట్టి కడగడం కొన్ని కులాల పని అన్న భావన గట్టిగా ఉన్న సమాజంలో నర్సు వృత్తికి గౌరవం దొరకడం సులభం కాలేదు.

1883లో అన్నా సారా కుగ్లరు గుంటూరుకు వచ్చింది. ఆమె పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టి, 1879లో అక్కడి స్త్రీల వైద్య కళాశాలలో పట్టం పుచ్చుకున్నది. లూథరను మిషనువారు ఆమెను పంపింది వైద్యానికి కాదు, ఘోషా స్త్రీలకు చదువు చెప్పడానికి. అయినా ఆమె మందుల పెట్టె వెంట తెచ్చుకున్నది. తెలుగు నేర్చుకున్నది. మిషనువారు ఆమెను వైద్యురాలుగా అధికారికంగా నియమించడానికి మరో రెండేళ్లు పట్టినది. 1886లో చిన్న వైద్యశాల ప్రారంభమైనది. తెల్లదొరసాని ముట్టిన మందు తాగితే మైల పడతామన్న సంకోచం మొదట్లో పెద్ద ఇళ్లలో ఉండేది. రోగులు వచ్చిన కొద్దీ అది సడలినది. 1898లో యాభై పడకల స్త్రీల, పిల్లల ఆసుపత్రి వెలసినది. కేథరీను ఫాస్ అనే శిక్షితురాలైన నర్సు అక్కడ తెలుగు బాలికలకు పరిచర్య నేర్పింది. ఈ ప్రాంతంలో ఉష్ణమాపకం పట్టి, జ్వరపు రేఖను కాగితం మీద గీయడం నేర్చుకున్న తొలి ఆడపిల్లలలో వీరు ఉంటారు. వారి పేర్లు చరిత్రలో నిలవలేదు.

ఆ ఆసుపత్రి చరిత్రలో అన్నిటికన్న ఆలోచింపజేసేది శస్త్రచికిత్సా గది కాదు, ఎదురుగా వెలసిన సత్రం. ఏలూరు జమీందారు రాజా భుజంగరావు బహద్దూరు భార్యకు కష్టమైన పురుడు వచ్చినప్పుడు కుగ్లరు తల్లినీ బిడ్డనూ కాపాడినది. ఆ కృతజ్ఞతతో ఆయన, రోగుల వెంట వచ్చే బంధువులు బసచేయడానికి ఆసుపత్రి ఎదుటనే ఒక సత్రం కట్టించాడు. పొయ్యి వెలిగించుకొని, తమ ఆచారం ప్రకారం వండుకొని, రోగికి తీసుకుపోయే వీలు కలిగితే ఆసుపత్రిలో చేరడానికున్న భయం సగం తగ్గుతుంది. ఐరోపా ఆసుపత్రి బంధువులను గంట కొట్టి బయటికి పంపే ఏర్పాటు. గుంటూరు సత్రం వారిని ఆసుపత్రిలో ఒక భాగంగా లెక్కవేసిన ఏర్పాటు. ఇందులో శాస్త్రీయ పరిశోధన ఏదీ లేదు, కృతజ్ఞత మాత్రమే ఉన్నది. కాని నూరేళ్ల తరువాత పరిశోధకులు అడిగిన ప్రశ్న ఆ సత్రపు అరుగు మీదనే పుట్టినది అనుకోవచ్చు. రోగి బంధువు ఆసుపత్రికి అడ్డమా, అండా? కుగ్లరు 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆసుపత్రికి ఆమె పేరు నిలిచినది.

శిక్షణ పొందిన నర్సుల సంఘం 1908లో ఏర్పడినది, వారి పత్రిక 1910లో మొదలైనది. అయినా 1946లో భోర్ కమిటీ లెక్క తీసినప్పుడు దేశం మొత్తం మీద ఉన్న నర్సులు సుమారు ఏడువేలు, అంటే 43 వేల జనానికి ఒకరు. అదే ఏడు ఢిల్లీలోనూ వెల్లూరులోనూ నర్సింగులో పట్టభద్ర విద్య ఆరంభమైనది. పరిశోధన చేయాలంటే చదువు కావాలి, చదువుకు తీరిక కావాలి. ఏడువేల మందికి ఆ తీరిక ఎక్కడిది?

పరిచర్యను ప్రయోగానికి పెట్టడం ఎలా ఉంటుందో చూపడానికి పడకపుండ్ల కథ చాలు. లేవలేని రోగి ఒకే భంగిమలో పడుకొని ఉంటే తుంటి, మడమ, వెన్ను అడుగు వంటి ఎముక తేలినచోట్ల చర్మం ఎముకకూ పరుపుకూ మధ్య నలుగుతుంది. అక్కడి సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, నెత్తురు అందని చర్మం కొన్ని గంటలలోనే చావడం మొదలవుతుంది. తరతరాలుగా నర్సులు దీనికి సారాయి రుద్దేవారు, నూనెలు, లేపనాలు పూసేవారు. ప్రతి ఆసుపత్రికీ తన రహస్యౌషధం ఉండేది. లండనులో డోరీను నార్టను అనే నర్సు సహచరులతో కలిసి వృద్ధ రోగులను వరుసగా పరిశీలించి 1962లో ఫలితాలు ప్రకటించింది. పూతల కన్న, రెండు మూడు గంటలకొకసారి రోగి పక్క మార్చడమే పుండును ఆపుతున్నదని తేలినది. ఎవరికి పుండు పడే ప్రమాదమున్నదో ముందే పసిగట్టడానికి ఆమె ఒక కొలత కూడా చేసింది. శరీరస్థితి, మనఃస్థితి, నడక, కదలిక, మలమూత్రాల అదుపు అనే అయిదింటికి ఒక్కొక్కదానికి ఒకటి నుంచి నాలుగు వరకు మార్కులు. మొత్తం 14 లేదా అంతకన్న తగ్గితే జాగ్రత్త పడవలసినదే. హైస్కూలు విద్యార్థి కూడా చేయగల కూడిక ఇది.

మరొక సంగతి నొప్పికి సంబంధించినది. శస్త్రచికిత్సకు ముందు రోగికి ఏమి జరగబోతున్నదో, తరువాత ఎక్కడ ఎంత నొప్పి ఉంటుందో వివరంగా చెబితే నొప్పిమందు తక్కువ సరిపోతున్నదని 1975లో ఇంగ్లండులో జాక్ హేవర్డ్ చూపించాడు. మన వార్డులలో “నీకెందుకు, డాక్టరుగారు చూసుకుంటారులే” అనే మాట ఎంత ఖరీదైనదో ఈ ఫలితం చూస్తే తెలుస్తుంది.

అమెరికాలో రోజరు ఉల్రిక్ 1984లో ప్రకటించిన అధ్యయనం ఇంకా విచిత్రమైనది. ఆయన నర్సు కాదు. ఆయనకు ఆధారమైన కాగితాలలో మాత్రం నర్సులు ఏనాటికానాడు వ్రాసిపెట్టిన చీటీలు ముఖ్యమైనవి. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972–81 మధ్య పిత్తాశయం తీయించుకున్న 46 మందిని 23 జతలుగా పోల్చాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవారు సగటున 7.96 రోజులకు, ఇటుకగోడ కనిపించినవారు 8.70 రోజులకు ఇంటికి వెళ్లారు. రోగుల సంఖ్య చిన్నది. దీనిమీదనే ఆసుపత్రులు కట్టేయమనడం తొందరపాటు అవుతుంది. అయినా సరుగుడు తోపులు చూస్తూ పెరిగిన కొత్తపట్నం మనిషిని కిటికీ లేని గదిలో పడుకోబెట్టేముందు కాస్త ఆలోచించడానికి ఇది చాలు.

అదే పెన్సిల్వేనియా నుంచి, కుగ్లరు పుట్టిన గడ్డ నుంచి, 2002లో మరో పెద్ద లెక్క వచ్చినది. లిండా ఐకెను బృందం 168 ఆసుపత్రులలో శస్త్రచికిత్స జరిగిన రెండు లక్షలకు పైగా రోగుల రికార్డులను, పదివేలకు పైగా నర్సులు ఇచ్చిన సమాధానాలను కలిపి చూసింది. ఒక నర్సు చూడవలసిన రోగులలో ఒక్కరు పెరిగితే, ముప్పై రోజులలోపు మరణించే అవకాశం ఏడు శాతం చొప్పున పెరుగుతున్నట్లు కనిపించినది. ఇది పరిశీలన, ప్రయోగం కాదు. నర్సులు తక్కువ ఉన్న ఆసుపత్రికి ఇతర లోపాలు కూడా ఉండవచ్చు. అయినా దానిని కొట్టిపారవేయడం కష్టం. భారత నర్సింగు మండలి ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి సాధారణ వార్డులో మూడు పడకలకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రులలో అయిదు పడకలకు ఒకరు ఉండాలి. వార్డులోకి అడుగుపెట్టి లెక్కపెట్టినవారికి కాగితానికీ మంచానికీ ఉన్న దూరం తెలుస్తుంది. ఆ దూరాన్ని పూరిస్తున్నది చాప వేసుకుని కూర్చున్న బంధువే.

మరి ఆ బంధువుకే శిక్షణ ఇస్తే సరిపోదా? ఈ ఆలోచనను మన దేశంలోనే పెద్ద ఎత్తున పరీక్షించారు. పక్షవాతం వచ్చిన 1250 మందిని 14 ఆసుపత్రులలో తీసుకొని, చీటీలు వేసినట్లుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో కుటుంబసభ్యులకు వ్యాయామం చేయించడం, కూర్చోబెట్టడం, నడిపించడం నేర్పి ఇంటి దగ్గర కొనసాగించమన్నారు. రెండవ గుంపుకు మామూలు వైద్యమే. ఆరునెలల తరువాత, 2017లో ప్రకటించిన ఫలితం: మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిసి రెండు గుంపులలోనూ నూటికి 47 మందే. బంధువుల ప్రేమకు లోటు లేదు. నిపుణుల పనిని క్లుప్తమైన శిక్షణతో వారి భుజాల మీద పెడితే ఈ వ్యాధిలో ఫలితం రాలేదు, అంతే. ఫలితం రాలేదని ధైర్యంగా ప్రకటించడం కూడా శాస్త్రంలో భాగమే. నైటింగేలు చేసినదీ అదే.

దీనివల్ల బంధువులకు ఏమీ నేర్పనక్కరలేదని కాదు. చేతులు కడుక్కోవడం, ప్రమాద చిహ్నాలు గుర్తించడం వంటి చిన్న పనులు నర్సుల చేత వార్డులోనే బంధువులకు నేర్పించే పథకం 2014లో బెంగుళూరులో మొదలై పలు రాష్ట్రాలకు వ్యాపించినది. ఏ పని నేర్పితే లాభం, ఏ పని నర్సు చేతిలోనే ఉండాలి అన్న విభజన ఒక్కొక్క వ్యాధికీ విడిగా తేల్చుకోవలసినది.

1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వెలసిన తరువాత మన నర్సింగు కళాశాలలు దాని కిందికి వచ్చినవి. స్నాతకోత్తర విద్యార్థులు సిద్ధాంతవ్యాసాలు వ్రాస్తున్నారు. వీటిలో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉంటాయి. బోధనకు ముందు ఒక ప్రశ్నపత్రం, తరువాత అదే ప్రశ్నపత్రం, మార్కులు పెరిగినవని నిర్ధారణ. పాఠం చెబితే మార్కులు పెరుగుతాయని నిరూపించడానికి ఆసుపత్రి అక్కరలేదు, బడి చాలు. రోగికి పుండు తగ్గినదా, నిద్ర పట్టినదా, నాలుగు రోజులు ముందుగా ఇంటికి పోయి కూతురు మిరప కోతలకు తిరిగి వెళ్లగలిగినదా అన్నది కొలిచే వ్యాసాలు అరుదు. అందుకు కావలసిన పరికరాలు ఖరీదైనవి కావు. నార్టను పట్టిక అచ్చువేసిన ఒక కాగితం, గోడ గడియారం, పక్క మార్చిన ప్రతిసారీ గీత గీయడానికి ఒక పెన్సిలు ఉంటే మొదలుపెట్టవచ్చు. పక్క మార్చినది నర్సా, బంధువా అని వ్రాయడానికి ఆ కాగితంలో మరొక గడి గీసుకోవాలి.