వేసుకున్నాడు, మైసెల్ఫ్: రెండు భాషల్లో 'తాను' పుట్టిన తీరు

ఫిల్మ్‌నగర్‌లో ఏ షూటింగ్ దగ్గర నిలబడి విన్నా, మేకప్‌మ్యాన్ గురించి 'మేకప్ వేశాడు' అంటారు, హీరో గురించి 'మేకప్ వేసుకున్నాడు' అంటారు. హీరో అద్దం ముందు కళ్లు మూసుకుని కూర్చున్నాడంతే. బ్రష్ పట్టింది వేరే చెయ్యి. అయినా క్రియ చివర 'కొను' వచ్చి చేరింది, ఆ పని ఫలం దక్కింది అతనికి కాబట్టి. జూబ్లీహిల్స్‌లో ఫలానా ఆయన ఇల్లు కట్టుకున్నాడంటే తాపీ పట్టింది మేస్త్రీ అని చెప్పకుండానే అందరికీ తెలుసు. పని ఎవరు చేశారన్నది కాదు, ఎవరికోసం జరిగిందన్నదే 'కొను' చెప్పే సంగతి.

ఈ 'కొను' మొదట సొంతంగా నిలబడ్డ క్రియ. తీసుకోవడం, గ్రహించడం దాని అర్థం. డబ్బిచ్చి తెచ్చుకోవడమనే అర్థం నేటికీ వాడుకలో ఉంది. తమిళంలో కొళ్, కన్నడంలో కొళ్ళు దీని తోబుట్టువులు. భాషావేత్తలు బరో, ఎమెనో 1961లో వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ మూడింటినీ ఒకే మూలం కింద చేర్చింది. తెలుగు సినిమా దశాబ్దాలపాటు మద్రాసులోనే ఉంది. ఆ మద్రాసు రోజుల్లో కోడంబాక్కం మేకప్ గదుల్లో తమిళులు అనే 'పోట్టుక్కొళ్' అన్న మాట మన 'వేసుకో'కు అచ్చంగా జంట. చేసికొను చేసుకొనుగా, అక్కణ్నుంచి చేసుకుంటాడుగా అరిగిపోయినా తెలుగులో దాని బలం తగ్గలేదు.

సంస్కృతంలోనూ ఈ భేదం ఉంది. ఇతరుల కోసం వండితే పచతి, తనకోసం వండుకుంటే పచతే. క్రియాఫలం కర్తకు చెందినప్పుడు ఆత్మనేపదం, అంటే పచతే వంటి రూపం, వాడాలని పాణిని సూత్రం. తర్వాతి కాలపు సంస్కృతంలో ఆ తేడా చాలావరకు రూపంలోనే మిగిలింది. మన వంటింట్లో మాత్రం వండింది, వండుకుంది అన్న మాటలు నేటికీ ఒకటి కావు.

ఇంగ్లిష్ దారి వేరు. పాత ఇంగ్లిష్‌లో 'తనను' అనడానికి ప్రత్యేకమైన మాట లేదు. 'అతడు అతణ్ని పొడిచాడు' అన్నట్టుగా చెప్పి ఊరుకునేవారు. ఎదుటివాణ్ణా, తననేనా? సందర్భం చూసి గ్రహించాలి. 'సెల్ఫ్' అప్పట్లో 'సాక్షాత్తూ అతనే' అని నొక్కి చెప్పడానికి వాడే విశేషణం. అనుమానానికి తావు లేకుండా సర్వనామం పక్కన దాన్ని పెట్టడం మొదలైంది. శతాబ్దాల మీద ఆ రెండూ అతుక్కుపోయి ఒకే మాట అయ్యాయి. షేక్‌స్పియర్ కాలానికి కూడా పాత పద్ధతి, కొత్త పద్ధతి పక్కపక్కనే నడిచేవి. ఆ అతుకు నేటికీ కనిపిస్తుంది: మైసెల్ఫ్, యువర్‌సెల్ఫ్‌లలో 'నా', 'నీ' ఉన్నాయి, హిమ్‌సెల్ఫ్, దెమ్‌సెల్వ్స్‌లలో మాత్రం 'అతణ్ని', 'వాళ్లని' ఉన్నాయి. మన పిల్లలు 'హిస్‌సెల్ఫ్' అంటే తప్పు దిద్దుతాం గాని, ఇంగ్లండ్ మాండలికాల్లో ఆ రూపం కూడా ఉంది.

మనకు చిక్కు వచ్చేది ఇక్కడే. మొహం కడుక్కోవడం, గడ్డం గీసుకోవడం, బట్టలు వేసుకోవడం మనకు 'కొను' లేనిదే కుదరవు. ఇంగ్లిష్‌లో వాష్, షేవ్, డ్రెస్ అంటే చాలు, సెల్ఫ్ అక్కర్లేదు. వేలు కోసుకుంటే 'ఐ కట్ మైసెల్ఫ్'. జుట్టు కత్తిరించుకుంటే 'ఐ గాట్ ఎ హెయిర్‌కట్'. ఫైట్ సీన్‌లో ఇద్దరు కొట్టుకున్నారంటే 'ఈచ్ అదర్' రావాలి. అక్కడ 'దెమ్‌సెల్వ్స్' పెడితే ఎవర్ని వాళ్లే కొట్టుకున్నట్టవుతుంది. ప్రీ రిలీజ్ వేడుకలో దర్శకుడు హీరో గురించి 'ఆయన్ని దృష్టిలో పెట్టుకునే ఈ కథ రాసుకున్నాను' అంటాడు. ఆ 'రాసుకున్నాను'లో ఇష్టం ఉంది, సొంతమన్న భావం ఉంది. సబ్‌టైటిల్‌లో అది 'ఐ రోట్' అయిపోతుంది. 'ఐ రోట్ ఇట్ మైసెల్ఫ్' అని పెట్టినా సరిపోదు, ఎవరి సాయమూ లేకుండా రాశానన్న వేరే అర్థం వస్తుంది. ఈ నష్టాన్ని పూడ్చే మాట ఇంగ్లిష్‌లో నాకు కనిపించలేదు.

ఇక ఆడిషన్లలో తరచూ వినిపించే 'మైసెల్ఫ్ ఫలానా' అన్న పరిచయం సంగతి. ఇది తెలుగువాళ్లది మాత్రమే కాదు, దేశమంతటా ఉంది. ఎల్‌కేజీ నుంచీ 'మైసెల్ఫ్' అన్న శీర్షిక కింద పేరు, ఊరు, అమ్మానాన్నల గురించి రాయించడమే దీన్ని స్థిరపరిచిందని నా అభిప్రాయం. 'ఇంట్రడ్యూస్ యువర్‌సెల్ఫ్' అని అడిగితే దానికి జోడీగా 'మైసెల్ఫ్' నోట్లోకి రావడం కూడా సహజమే. అయితే సెల్ఫ్ మాటలు వాక్యంలో ముందే వచ్చిన కర్తను తిరిగి చూపించడానికో, నొక్కి చెప్పడానికో పుట్టినవి. పరిచయంలో ఆ కర్తే లేదు, అందుకే ఇంగ్లిష్ చెవికి అది కొరతగా తోస్తుంది. అలా అన్నవాళ్లను చూసి నవ్వడం మాత్రం అన్యాయం. సొంత భాషలో 'తాను'ను క్రియలోనే ఇముడ్చుకునే అలవాటున్న మనిషి, దాన్ని విడి మాటగా వాడే భాషలోకి అడుగుపెట్టాడు. నటించగలడో లేదో ఆ ఒక్క మాటతో తేలదు.

ఆడిషన్‌కు వెళ్లే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వస్తే 'ఐ యామ్' అని పేరు చెప్పండి. లేదంటే 'నా పేరు ఫలానా' అని తెలుగులోనే మొదలుపెట్టండి. తెలుగు సినిమాకు నటుల్ని ఎంచుకునే చోట తెలుగులో పరిచయం చేసుకోవడం ఏ రకంగానూ తక్కువ కాదు.