చేతులు కడుక్కున్నాక ఫోన్ తీస్తే

మన పావగడ పేరు బయటివాళ్ళకు శనేశ్వరుని గుడి వల్లనో, తిరుమణి దగ్గరి సోలార్ పార్కు వల్లనో తెలుసు. 2024 ఫిబ్రవరి చివర్లో మాత్రం వేరే కారణంతో పేపర్లకెక్కింది. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్లు చేయించుకున్న ఆడవాళ్ళలో ముగ్గురు చనిపోయారు. ఇన్ఫెక్షన్ మాట బయటికొచ్చింది, విచారణ జరిగింది, సిబ్బంది మీద చర్యలు తీసుకున్నారు. తప్పెవరిదో తేల్చడం నా పని కాదు. అప్పుడు అందరి నోటా వినబడిన 'చేతులు కడుక్కోవడం' అన్న మాటకు ఎంత చరిత్ర ఉందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

1847లో వియన్నా జనరల్ ఆసుపత్రిలో రెండు ప్రసూతి వార్డులుండేవి. ఒకదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు కాన్పులు చేసేవాళ్ళు. రెండోదాంట్లో మంత్రసానులు. సూతికా జ్వరంతో బాలింతలు ఎక్కువగా పోయేది డాక్టర్ల వార్డులోనే! అందులో చేర్చవద్దని గర్భిణులు కాళ్ళావేళ్ళా పడేవాళ్ళట. (మంత్రసానులంటే చిన్నచూపు ఉన్నవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.) అక్కడ పనిచేసే హంగేరీ డాక్టర్ ఇగ్నాజ్ సెమ్మెల్వైస్‌కు కారణం అంతుపట్టలేదు. శవపరీక్ష చేస్తుండగా కత్తి గాటు పడి ఆయన స్నేహితుడు కొలెట్ష్కా చనిపోయాడు. ఆ లక్షణాలు అచ్చం బాలింతల జబ్బులాగే ఉన్నాయి. విద్యార్థులు శవాల గదినుంచి నేరుగా కాన్పుల గదికి వస్తున్నారు, ఆ చేతులే జబ్బును మోస్తున్నాయి. క్లోరిన్ సున్నపు నీళ్ళతో కడుక్కోమన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోతుంటే, జూన్‌కు సుమారు 2కు దిగింది.

అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. మా చేతులే చంపుతున్నాయంటే ఎవరికి రుచిస్తుంది? ఆయన 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు, అదీ గాయం చీము పట్టి.

ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా నర్సులు పగలంతా తరచూ చేతులు కడుక్కోవాలని తన పుస్తకంలో రాసింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు సందర్భాలు చెప్పింది: రోగిని తాకేముందు, శుభ్రమైన పని చేసేముందు, రక్తం వంటివి తగిలే అవకాశం ఉన్న పని తర్వాత, రోగిని తాకాక, రోగి పరిసరాలను తాకాక. జేబులోని ఫోన్ ఏ రోగి పరిసరమూ కాదు. అది అన్ని మంచాల దగ్గరికీ వెళ్తుంది.

మనదేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న జ్యోతిబసు చేశారు. అప్పుడది మంత్రుల చేతి వస్తువు. ఇప్పుడు డాక్టర్ పిలుపు, ల్యాబ్ రిపోర్టు, డ్యూటీ మార్పు అన్నీ నర్సు ఫోన్‌కే వస్తాయి. ఫోన్ పక్కన పెట్టమంటే పని ఆగుతుంది. టర్కీలో 200 మంది ఆసుపత్రి సిబ్బందిని పరీక్షించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 94.5 శాతం ఫోన్ల మీద బ్యాక్టీరియా కనిపించింది. దొరికిన ప్రతి క్రిమీ జబ్బు తెచ్చేది కాదు, కానీ మందులకు లొంగని స్టెఫైలోకాకస్ రకాలు కూడా అందులో ఉన్నాయి.

నర్సును తిట్టడం సులువు. ఫ్లోరైడ్ నీళ్ళతో, కరువుతో బతికిన మన తాలూకాలో కొళాయి తిప్పగానే నీళ్ళు రావడం ఎంత పెద్ద సంగతో మనకు తెలుసు. సబ్బుతో సరిగ్గా కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పడుతుంది, ఆల్కహాల్ ద్రావణమైతే 20 నుంచి 30. వార్డు నిండా రోగులుంటే ఆ సెకన్లే కరువు. మంచం మంచానికీ ఆ సీసా ఉందా, ఫోన్ తుడుచుకోవడానికి 70 శాతం ఆల్కహాల్ వైప్స్ ఇస్తున్నారా అని అడగాల్సింది ఆసుపత్రి నడిపేవాళ్ళను.

నా సంగతీ చెప్పాలి. పోయినేడు మా చిన్నమ్మను చూడ్డానికి ఒక ఆసుపత్రికి వెళ్ళాను. బస్సులో, హోటల్లో, టాయిలెట్‌లో నాతో తిరిగిన ఫోన్‌ను తీసి ఆమె దిండు పక్కనే పెట్టాను. సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సమ్మ చేతులు తుడుచుకుంటూ, "అన్నా, ముందు ఆ ఫోన్ అక్కణ్ణుంచి తీయండి" అంది.